ఖాళీ నెలల్లో గుర్రం
(రేపల్లెలో జరిగిన మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా ఈ సభలో మేము పిల్లల చదువును గురించి, ఉర్దూ మీడియం తరగతుల్లో తగ్గిపోతున్న హాజరును గురించి మాట్లాడుతూ వచ్చాము. ఈసారి గుర్రాలను గురించి నాలుగు మాటలు చెప్తామంటే కార్యవర్గంలోని మిత్రులొకరు నవ్వి, "మాస్టర్ సాబ్, జట్కాలు పోయి ఎన్నేళ్ళయింది!" అన్నారు. జట్కాలు పోయిన మాట వాస్తవమే. గుర్రాలు మాత్రం పోలేదు. మన సభ్యుల ఇళ్ళ దగ్గరే ఉన్నవి. వాటి సంగతి పిల్లల చదువు సంగతికి ఎంతో దూరంలో లేదని కొంచెం ముందుకు పోయాక మీకే తెలుస్తుంది.

మన రేపల్లె రైలు దారికి చిట్టచివరి స్టేషను. రైలు దిగిన మనిషి ఇంకా లోపలి ఊళ్ళకు పోవాలంటే ఒకప్పుడు స్టేషను బయట నిలబడ్డ జట్కా ఎక్కవలసిందే. తెనాలిలోను, బాపట్లలోను అంతే. ఆ బండ్లు తోలినవారిలో మనవాళ్ళే ఎక్కువ. జట్కా సాయిబు అన్న మాట ఊరికే పుట్టలేదు. సైకిలు రిక్షాలు వచ్చి సగం, ఆటోలు వచ్చి మిగతా సగం ఆ వృత్తిని తినేసినవి. చాలామంది గుర్రాలను అమ్ముకొన్నారు. కొద్దిమంది మాత్రం బండి తీసేసి గుర్రాన్ని ఉంచుకొన్నారు. పెళ్ళికొడుకుల ఊరేగింపులకు, ఇతర వేడుకలకు అద్దెకిచ్చి బతుకుతున్నారు. హిందువుల పెళ్ళయినా, మన బారాత్ అయినా గుర్రం అదే, తోలుకొచ్చే మనిషీ అతడే.

జట్కా గుర్రానికి రోజూ పని ఉండేది. రోజూ పని ఉన్నది గనుక రోజూ దాణా, రోజూ మాలీషు, రోజూ దాని మీద ఒక మనిషి కన్ను. పెళ్ళిగుర్రానికి అట్లా కాదు. ముహూర్తాలున్న నెలల్లో దానికి పూసలు, కుచ్చులు, జరీ గుడ్డలు. ఆషాఢం వచ్చిందంటే, మూఢం వచ్చిందంటే ముహూర్తాలు లేవు. మొహర్రం నెలలో మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు పెట్టుకోరు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడైతే సీజనుకు సీజనే ఎగిరిపోయింది. ఆ ఖాళీ నెలల్లో రాబడి లేదు గనుక దాణా తగ్గిస్తారు. గుర్రాన్ని ఊరి చివర బీట్లోనో, అమ్ముడుపోని ఇళ్ళస్థలంలోనో కట్టేసి కూలికి పోతారు. అడిగితే, "హాయిగా పచ్చిక మేస్తున్నదండీ" అంటారు. మేము చూచినంతలో పనిలో ఉండగా పాడైన గుర్రాలు తక్కువ. ఇట్లా హాయిగా ఉన్నప్పుడు పాడైనవే ఎక్కువ. ఈ పూట మేము చెప్పదలచింది ఈ హాయిని గురించే.

ముందు మన నేల సంగతి చూడండి. రేపల్లె చుట్టూ డెల్టా నల్లమట్టి. జూన్, జూలైలలో రెండు వానలు పడితే మోకాలి లోతు బురద. గుర్రం నిలబడే కునుకు తీస్తుందన్నది నిజం. అందుకని దానికి పడుకొనే పనే లేదని అనుకొంటారు. అది తప్పు. గాఢనిద్ర పట్టాలంటే గుర్రం కూడా రోజులో కొంతసేపు నేలమీద ఒరగవలసిందే. పొడినేల దొరకకపోతే అది పడుకోదు. రోజుల తరబడి అట్లాగే నిలబడి ఉంటుంది. చివరకు కునుకులోనే ముందరి మోకాళ్ళు ముడుచుకొని కూలబడుతుంది. గుర్రాల మోకాళ్ళ మీద దెబ్బలు కనబడితే ఎక్కడో తూలిందనుకొంటాము; నిద్ర లేక పడిందేమో అని ఆలోచించము. పైగా బురదలో నానిన గిట్ట అడుగున నల్లగా, ముక్కు మూసుకొనేటంత కంపుతో కుళ్ళు మొదలవుతుంది. గిట్ట పోతే గుర్రానికి ఇంకేమున్నది?

దీనికి పెద్ద ఖర్చు లేదు. ఉన్న స్థలంలోనే ఎత్తైన మూల చూచి, ఇటుక ముక్కలు, పైన మట్టి, ఆపైన ఇసుక పోసి అడుగున్నర మెరక చేయాలి. గుర్రానికి పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఉంటే లేచేటప్పుడు, పడుకొనేటప్పుడు కాళ్ళు తగలవు. పైన తాటాకు పందిరి, గుర్రం తల ఎత్తినా తగలనంత ఎత్తులో. పక్కలు మూయవద్దు, గాలి ఆడాలి. ఇనుప రేకులు వేస్తే వాటి మీద కూడా తాటాకు పరచాలి. మే నెలలో వట్టి రేకుల కింద నిలబడి చూడండి, మీరే బయటికి వస్తారు.

కంచె విషయంలో మన వాళ్ళకు ఒక మొండితనం ఉన్నది. ముళ్ళతీగ చవక, గట్టిది, కనుక మంచిదంటారు. అది గేదెకు సరిపోవచ్చు. గేదె భయపడితే నిలబడి చూస్తుంది. గుర్రం భయపడితే ముందు పరుగెత్తుతుంది, తరువాత చూస్తుంది. దాన్ని అల్లా అట్లా పుట్టించాడు. దీపావళి టపాకాయ పేలినా, కుక్కల గుంపు వెంటబడినా అది తీగ మీదికే పోతుంది. ఛాతీ, కాళ్ళు చీరుకొన్న గుర్రాన్ని ఏ పెళ్ళికొడుకూ ఎక్కడు. బాపట్ల తీరాన సరుగుడు తోటలున్నవి. ఆ వాసాలతో మూడు అడ్డకట్టెలు కడితే చాలు. తీగ తప్పని చోట ముళ్ళు లేని తీగ వేసి, గజానికొక తెల్ల గుడ్డపేలిక కట్టండి, గుర్రానికి దూరం నుంచే కనబడుతుంది. అడవిపందుల కోసం, ఎలుకల కోసం చేల గట్ల మీద దొంగ కరెంటు తీగలు లాగేవాళ్ళున్నారు. దాని మాట చెప్పనక్కరలేదు. మనుషులే పోతున్నారు.

ఇళ్ళస్థలాల్లో ఇంకో ప్రమాదం. పునాదులు తీసి వదిలేసిన గోతులు, పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, గాజుపెంకులు, మేకులు. గిట్టలో మేకు దిగితే పైకి గాయం కూడా కనబడదు. కొన్నాళ్ళకు దవడలు బిగుసుకొంటవి. ధనుర్వాతం గుర్రానికి వచ్చినంత సులువుగా మరే పెంపుడు జంతువుకూ రాదు. టీకా ఉన్నది, ఖరీదు ఎక్కువ కాదు. గుర్రాన్ని వదలబోయే ముందు స్థలమంతా ఒక మనిషి నడిచి ఏరివేయాలి. ఈ పని గంటసేపు.

కట్టడాన్ని గురించి. మన పాతవాళ్ళకు అగాడీ, పిఛాడీ అని ముందూ వెనకా కట్టే పద్ధతి ఉండేది. రాత్రిపూట సాలలో మనిషి కాపలా ఉన్నప్పటి పద్ధతి అది. మనిషి లేని బీట్లో అట్లా కడితే గుర్రం తాడులో చిక్కుకొని తన్నుకొంటుంది. ముందరికాళ్ళకు బంధం వేసి కాలవగట్టు మీద వదలటం మరీ ఘోరం. కాలు జారితే ఈదలేదు. కంచె ఉంటే విడిచిపెట్టటమే మేలు. కట్టక తప్పకపోతే మెడకు ఉరిముడి వేయవద్దు. తలకు వెడల్పాటి నూలు పట్టీ వేసి, మెలిపడకుండా తిరిగే గొలుసు కొండితో తాడు కట్టండి. ఇంకొక మాట. గుర్రం మందలో బతికే జంతువు. ఒంటరిగా ఉంచితే కంచె వెంబడి తిరిగి తిరిగి చిక్కిపోతుంది. రెండో గుర్రం లేకపోతే ఒక మేకనైనా తోడు వదలండి. నవ్వకండి, ఈ స్నేహాలు చాలా గట్టివి.

ఇక మేత. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాము.

అంత పెద్ద ఒంట్లో గుర్రం కడుపు చిన్నది, మహా అయితే ఒక బిందెడు. అందువల్ల అది రోజులో ముప్పాతిక భాగం కొంచెం కొంచెంగా మేస్తూనే ఉండాలి. రోజంతా ఖాళీగా ఉంచి సాయంత్రం తోబ్రా నిండా ఉలవలు, తవుడు పోసి మూతికి తగిలిస్తే కడుపునొప్పి వస్తుంది. గుర్రానికి వాంతి రాదు. మనిషికి వాంతితో పోయే బాధ దానికి ప్రాణం మీదికి వస్తుంది. నేలను కాలితో గీకటం, తిరిగి తిరిగి డొక్క వైపు చూచుకోవటం, పొర్లాడటం, లద్దె వేయకపోవటం, ఇవి గుర్తులు. అప్పుడు వెదురు గొట్టంతో నూనె పోయటం మనలో ఉన్న అలవాటు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పితో పోయేది కాకపోయినా ఊపిరాడక పోతుంది. దాణా తీసేయండి, నెమ్మదిగా నడిపించండి, పశువైద్యుణ్ణి పిలవండి. 1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల సంచార వైద్యశాల వస్తుంది. గుర్రాన్ని కూడా చూస్తారు, అడగటానికి మొహమాటపడవద్దు.

మన ప్రాంతంలో వరిగడ్డి కావలసినంత. గుర్రానికి మాత్రం అది కడుపు నింపేదే గాని బలమిచ్చేది కాదు. అదొక్కటే పెడితే పేగుల్లో ఉండకట్టుకొంటుంది. తవుడు ఒక్కటే ఎక్కువగా పెట్టినా ఎముకలు గుల్లబారుతవి, మొహం ఎముకలు ఉబ్బుతవి. గరిక, ఎండు జొన్నచొప్ప, కొద్దిగా నానబెట్టిన ఉలవలు, నాకటానికి ఉప్పుగడ్డ. ఇదీ సరైన మేత. పనిలేని నెలల్లో దాణా తగ్గించటం తప్పేమీ కాదు, తగ్గించాలి కూడా. గడ్డి తగ్గించటమే తప్పు.

వరికోతలు కాగానే తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాల్లో దున్నకుండానే మొక్కజొన్న, జొన్న వేస్తున్నారు. ఆ కోతలయ్యాక చేలు ఖాళీగా కనబడతవి. రైతు కూడా తోలుకోమంటాడు. అక్కడ రెండు విషాలున్నవి. జొన్న కోసిన మోళ్ళకు వచ్చే లేతపిలకలు పశువులను చంపుతవని రైతులకు తెలుసు. గుర్రానికీ అవి పనికిరావు. రెండోది చాలామందికి తెలియదు. వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న.

మా బడిలో చదివే ఒక పిల్లవాడు పది రోజులు రాలేదు. కబురు చేస్తే తండ్రి వచ్చాడు. "గుర్రం పోయింది మాస్టర్ సాబ్, వాణ్ణి మెకానిక్ షెడ్డులో పెట్టాను" అన్నాడు. ఏమి జరిగిందని అడిగాము. చేలో మిగిలిన కంకులు ఏరి తెచ్చి నెలరోజులు పెట్టాడట. కొన్నింటికి తెలుపు, గులాబీ రంగు బూజు. గేదెలు తిన్నవి, వాటికి ఏమీ కాలేదు. గుర్రం ముందు మందకొడిగా అయింది, తరువాత గోడకు తల ఆనించి నెట్టటం, కళ్ళు కనబడనట్టు గుండ్రంగా తిరగటం. పిచ్చికుక్క కరిచిందన్నారు కొందరు, గాలి సోకిందని తావీజు కట్టారు కొందరు. పశువైద్యుడు వచ్చి పెట్టిన మేత అడిగి, ఆ బూజు విషం గుర్రం మెదడును కరిగిస్తుందని, దానికి మందు లేదని చెప్పాడట. గుర్రం కొనటానికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఏడో తరగతి పిల్లవాడు, లెక్కల్లో చురుకు. ఇంటికి మూడుసార్లు తిరిగి అతణ్ణి మళ్ళీ బడికి తెచ్చుకొన్నాము గాని, సాయంత్రాలు షెడ్డు మానలేదు. గుర్రాల సంగతి చదువు సంగతే అని మేము మొదట అన్నది ఇందుకు.

అదే కోవలో ఇంకా రెండు. కోళ్ళఫారాల్లో మిగిలిన దాణా చవకగా వస్తుందని తెచ్చి పెట్టకండి. కోళ్ళ రోగానికి అందులో కలిపే కొన్ని మందులు గుర్రం గుండెను నిలిపేస్తవి. గన్నేరు ఆకులు గుప్పెడైనా చాలు ప్రాణం తీయటానికి. కంచె పక్కన గన్నేరు చెట్టు ఉంటే, కొమ్మలు కొట్టి అక్కడే పడేస్తే, ఎండిన ఆకు కూడా అంతే విషం.

నీళ్ళు. గుర్రానికి రోజుకు ముప్పై లీటర్ల దాకా కావాలి, ఎండల్లో ఇంకా ఎక్కువ. ఎండాకాలం కాలవలు కట్టేశాక మన వైపు మంచినీళ్ళ కరువు మీకు తెలిసిందే. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్ళు. పక్కనే రొయ్యల చెరువుల మురుగు. "గుంట ఉన్నదిగా, తాగుతుంది" అనుకోవద్దు. ఉప్పునీళ్ళు నచ్చక తక్కువ తాగిన గుర్రానికే పేగులు బిగుసుకుపోతవి. పూటకొక తొట్టి మంచినీళ్ళు పెట్టి, పాచి పట్టకుండా కడుగుతుండాలి.

ఎండను గురించి ప్రభుత్వ నిబంధన కూడా ఉన్నది. 1965 నాటి కేంద్ర నియమాల ప్రకారం 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి లాగే, బరువు మోసే జంతువులతో పని చేయించరాదు. రోజు మొత్తంలో తొమ్మిది గంటలకు మించరాదు. చేలో ఉన్న గుర్రానికి ఆ చట్టం వర్తించదు, ఎండ మాత్రం వర్తిస్తుంది. మన సముద్రపు ఉక్కలో కొన్ని గుర్రాలకు చెమట పట్టటమే ఆగిపోతుంది. చెమట లేదని సంతోషించవద్దు. ఒళ్ళు పొడిగా ఉండి రొప్పుతున్నదంటే లోపల కాలిపోతున్నదని అర్థం. నీడకు తెచ్చి ఒంటి నిండా చన్నీళ్ళు పోస్తూ ఉండాలి.

వానలు వెలిశాక జోరీగలు. వాటి కాటుతో వచ్చే సర్రా జ్వరం సంగతి పాత జట్కావాళ్ళకు బాగా తెలుసు. దానికి కారణమైన క్రిమిని 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు గుర్రాల, ఒంటెల రక్తంలో కనిపెట్టాడు. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, కాళ్ళు, పొట్టకింద వాస్తుంది, తిన్నా చిక్కిపోతుంది. రక్తపరీక్షతో తేలుతుంది, తొందరగా పట్టుకొంటే మందు ఉన్నది. సాయంత్రం వేపాకు పొగ వేయటం, లద్దె రోజూ ఎత్తి దూరంగా పోయటం మన చేతిలో ఉన్నవి. లద్దె ఎత్తితే నులిపురుగులు కూడా తగ్గుతవి.

ఇక్కడ ఉర్దూ మాస్టరుగా ఒక పిట్టకథ. జీను, లగాము, దాణా, సవారీ, ఇవన్నీ మన వైపు నుంచి తెలుగులోకి వెళ్ళిన మాటలని మనం గొప్పగా చెప్పుకొంటాము. గుర్రపు వైద్యుణ్ణి మాత్రం ఉర్దూలో సలోత్రీ అంటారు. అది సంస్కృతంలో అశ్వశాస్త్రం చెప్పిన శాలిహోత్రుడి పేరు నుంచి వచ్చింది. గుర్రం దగ్గర ఎవరి విద్య ఎవరిదని అడిగేవాడు లేడన్నమాట.

దీన్‌లో దీనికి చోటు ఉన్నదా అని అడిగేవారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఖురాన్ షరీఫ్‌లో నూరవ సూరా పేరే పరుగెత్తే గుర్రాల మీద ఉన్నది. పిల్లిని కట్టేసి, మేత పెట్టక, తన మేత తాను వెతుక్కోనీయక చంపిన స్త్రీ సంగతి హదీసులో మనమంతా విన్నదే. కట్టేసి మరచిపోవటం అన్నదే అక్కడ నేరం. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం తమ గుర్రం మొహాన్ని తమ వస్త్రంతో స్వయంగా తుడిచారని ఇమాం మాలిక్ గారి మువత్తాలో ఉన్నది. గుర్రం మొహం తుడిచే మనిషికి దాని కళ్ళల్లో పుసి, ముక్కులో చీమిడి, నోటి దగ్గర పుండు అన్నీ కనబడతవి. ముక్కు నుంచి జిగటగా చీము, చర్మం మీద పుండ్లు కనబడితే వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. గ్లాండర్స్ అనే రోగం అట్లాగే ఉంటుంది, అది మనిషికీ అంటుతుంది. దాచిపెడితే ఇంటిల్లిపాదికీ ముప్పు.

తుపాను సంగతి రేపల్లెలో చెప్పకుండా కూర్చోలేము. 1977 నవంబరు 19 ఉప్పెనలో కృష్ణకు అవతల దివిసీమలో కట్టుగొయ్యలకు ఉన్న పశువులు ఉన్నచోటనే పోయినవి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వదిలినప్పుడు మన వైపు కరకట్టల మీద జనం రాత్రుళ్ళు మేలుకొన్నారు. హెచ్చరిక వచ్చిన రోజునే, గాలి రాకముందే గుర్రాన్ని మెరక ఊళ్ళోకి తోలుకుపోవాలి. ఆ వేళకు అందుకోలేకపోతే తాడు కోసి వదిలేయాలి. చెట్టు కింద, రేకుల కింద కట్టి రావద్దు. విడిచిన గుర్రం మెరక వెతుక్కొంటుంది. కట్టిన గుర్రం ఏమి చేస్తుంది?

ఇదంతా విని, "మాస్టర్ సాబ్, మాకే తిండికి లేదు, గుర్రానికి మెరకా, పందిరీనా?" అని ఒకరైనా అనుకొని ఉంటారు. న్యాయమైన మాట. ఒక్కొక్కరూ విడివిడిగా చేయలేరు. కనుక సొసైటీ ముందు మేము పెట్టే కోరిక ఇది. ఊరికి దగ్గరలో, నీళ్ళు నిలవని ఒక అరెకరం ఖాళీ నెలలకు కౌలుకు తీసుకోవాలి. సరుగుడు కంచె, ఒకే పెద్ద పందిరి, ఒక నీళ్ళ తొట్టి. గుర్రాలు కలిసి ఉంటవి, తోడు సమస్య కూడా తీరుతుంది. ఉన్న కుటుంబాలు వంతులవారీగా రోజుకొకరు పొద్దున, సాయంత్రం వచ్చి చూడాలి: గిట్టలు ఎత్తి, కాళ్ళ మీద చెయ్యి వేసి వేడి చూచి, లద్దె చూచి, నీళ్ళు మార్చి పోవాలి. ధనుర్వాతం టీకాలకు పశువైద్యశాలవారిని మనమే ఒకరోజు ఇక్కడికి పిలుచుకోవచ్చు. ఎన్ని గుర్రాలున్నవో లెక్క లేనిదే వాళ్ళను అడగలేము గనుక, ఈ రాత్రి భోజనాలయ్యాక గుర్రాలున్నవాళ్ళు పేర్లు ఇవ్వండి. కాగితం, కలం మా దగ్గర ఉన్నవి. కౌలుకు ఇవ్వగల మెరక ఎవరికైనా ఉంటే, వాళ్ళు కార్యదర్శిగారికి చెప్పండి. తాటాకు మాట్లాడే పని మేము చూచుకొంటాము. ఆషాఢం రాకముందే పందిరి లేవాలి.